నందికొండ విడిది: అతిథులు తెలుసుకోవలసిన విషయాలు

చిక్కబళ్ళాపురం జిల్లాలో పుట్టి పెరిగిన మావంటి వారికి నందికొండ ఒక దిక్సూచి. దాని తలమీద మబ్బు కూర్చుంటే పెద్దలు కళ్ళంలో గింజలు ఎత్తిపెట్టేవారు. బెంగళూరు వారికి అదే కొండ ఆదివారం చీకటితో వచ్చి, సూర్యోదయం చూసి, పది గంటలలోపు తిరిగి వెళ్ళిపోయే ఒక దృశ్యం. కొండమీద ఒక రాత్రయినా విడిసి, చుట్టుపక్కల తీరికగా చూడదలచిన వారు మాత్రం తక్కువ. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపున ఉన్న మా బంధువులు ప్రతి వేసవిలోనూ అడిగే ప్రశ్నలకు సమాధానంగా ఈ వివరాలను ఒకచోట చేరుస్తున్నాను.

కొండ ఎత్తు, వాతావరణం

సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండకు నందిదుర్గం, నందిగిరి అని పేర్లు. బెంగళూరుకు ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. నందిగిరి, బ్రహ్మగిరి, స్కందగిరి, హేమగిరి, దివ్యగిరి అనే అయిదింటిని కలిపి పంచగిరులని వ్యవహరిస్తారు. ఇంగ్లీషువారు ‘నంది హిల్స్’ అని బహువచనంలో పిలవడం ఒక రకంగా సరైనదే.

‘ఊటీ అంత చలి ఉంటుందా?’ అని అడుగుతుంటారు. ఉండదు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని పిల్లలకు పాఠం చెబుతాము. చిక్కబళ్ళాపురం పట్టణమే 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. కనుక కొండపైన కింది పట్టణంకంటే మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే తక్కువ. అయితే గాలి ఎక్కువ, తేమ ఎక్కువ. అందువల్ల డిసెంబరు, జనవరి తెల్లవారుజామున స్వెట్టరు మాత్రమే చాలదు, చెవులకు మఫ్లరు కూడా కావలసి వస్తుంది. రాయలసీమ ఎండనుంచి ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవారికి మాత్రం బండి దిగిన వెంటనే ప్రాణం లేచివచ్చినట్లు ఉంటుంది.

లోయలో మబ్బులు పాలసముద్రంలా పరచుకొనే దృశ్యం వర్షాలు వెనుకబడ్డాక, అక్టోబరు చివరినుంచి జనవరి వరకు ఎక్కువగా కనిపిస్తుంది. అదీ ప్రతిరోజూ కాదు. కొన్ని ఉదయాలలో పొగమంచు కొండనే కమ్మివేసి, ఎదుటి మనిషి కూడా కనిపించడు. ఒక రాత్రి విడిసిన అతిథికి ఉన్న సౌకర్యం ఇదే: మంచు విడేవరకు వేచి ఉండవచ్చును. కింద గేటు దగ్గర బళ్ళ వరుసలో నిలబడి సూర్యోదయాన్ని పోగొట్టుకొన్నవారికి ఆ వెసులుబాటు లేదు.

ఇంతకుముందు విడిసినవారు

ఈ కొండ చాలాకాలంగా విడిది స్థలమే. హైదరలీ, టిప్పు కాలంలో కోటగా బలపడి, టిప్పు సుల్తానుకు వేసవి నివాసంగా కూడా ఉపయోగపడింది. అప్పటి చిన్న మహలు ఇప్పటికీ ఉన్నది. మూడవ మైసూరు యుద్ధంలో, 1791 అక్టోబరులో, కారన్‌వాలిస్ సైన్యం ఈ కోటను పట్టుకొన్నది. మైసూరు రాజ్యానికి 1834 నుంచి 1861 వరకు కమిషనరుగా ఉన్న మార్క్ కబ్బన్ వేసవి గడిపేందుకు ఇక్కడికే వచ్చేవాడు. బెంగళూరులోని కబ్బన్ పార్కు ఆయన పేరిటిదే.

1927లో మహాత్మాగాంధీ ఆరోగ్యం దెబ్బతిన్నప్పుడు వైద్యులు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆ ఏప్రిల్ నుంచి దాదాపు నెలన్నరపాటు ఆయన ఈ కొండమీదనే ఉన్నారు. మళ్ళీ 1936 మే నెలలో వచ్చి మూడు వారాలు గడిపారు. ఈనాడు గాంధీ నిలయం, నెహ్రూ నిలయం అనే పేర్లతో ఉన్న పాత బంగళాలు ఆ కాలపు వాసన కలిగినవి: ఎత్తైన కప్పు, వెడల్పు వరండా, మందమైన గోడలు. 1986 నవంబరులో బెంగళూరులో సార్క్ శిఖరాగ్ర సమావేశం జరిగినప్పుడు దేశాధినేతలు ఇక్కడికి వచ్చారు.

ఇటీవలి సంగతి ఒకటి మన పాఠకులకు సంబంధించినది. 2025 జులై 2న కర్ణాటక మంత్రివర్గం ఈ కొండమీద సమావేశమై, బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని తీర్మానించింది. ‘పల్లి’ అన్న మాటలో ఎవరికి ఏమి లోపం కనిపించిందో గాని, మా అవ్వల నోట అది బాగేపల్లిగానే ఉంటుంది.

చేరుకోవడం, గది

హైదరాబాదు, అనంతపురం వైపునుంచి వచ్చేవారికి 44వ నంబరు జాతీయ రహదారి బాగేపల్లి మీదుగా చిక్కబళ్ళాపురం చేరుస్తుంది. మదనపల్లె వారు చింతామణి మీదుగా, హిందూపురం వారు గౌరిబిదనూరు మీదుగా రావచ్చును. యలహంక, కోలారు మధ్య రైలుమార్గంలో ‘నంది హాల్ట్’ అనే ముచ్చటైన చిన్న స్టేషను ఉన్నది. అక్కడ దిగేవారు ముందుగా వాహనం మాట్లాడుకోవలెను. బయట ఆటోలు వరుసగా నిలిచి ఉండవు. విమానంలో వచ్చేవారికి దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గర.

చివరి కొన్ని కిలోమీటర్లు ఘాట్ రోడ్డు. మలుపులు ఇరుకైనవి. 2021 ఆగస్టులో కుండపోత వానకు కొండచరియ విరిగిపడి ఈ రోడ్డు తెగిపోయింది, చాలాకాలం రాకపోకలు నిలిచాయి. గట్టి వాన పడిన మర్నాడు బయలుదేరేముందు రోడ్డు సంగతి ఫోనులో విచారించడం మంచిది. సెలవు దినాలలో వాహనాలకు పరిమితులు విధించడమూ కద్దు. వీలైతే సోమవారం మొదలు గురువారం లోపల రండి. పెళ్ళి తరువాత ఫొటోలకు వచ్చే జంటల హడావుడి కూడా ఆ రోజుల్లో తక్కువ.

కొండపైన ఉన్న బస ప్రభుత్వానిది. కర్ణాటక పర్యాటకాభివృద్ధి సంస్థ ‘మయూర’ పేరిట నడిపే వసతి, పాత అతిథిగృహాలు ఉన్నవి. గదులు కొద్ది. అందువల్ల ముందుగా నిర్ధారణ చేసుకొని, ఆ కాగితాన్ని, గుర్తింపు కార్డును గేటు దగ్గర చూపవలెను. సాయంత్రం గేటు మూసిన తరువాత చేరుకొంటే చిక్కు, కాబట్టి నాలుగు గంటలకు పైన ఉండేట్లు బయలుదేరండి. కొండ దిగువన ప్రైవేటు విడిదులు చాలా వెలిశాయి. వాటిలో మంచివీ ఉన్నవి. మేము మాత్రం ఒకసారి రసీదు లేకుండా బయానా పంపి, తీరా వెళ్ళేసరికి మా గదిలో వేరొక కుటుంబం ఉండగా, రాత్రి తొమ్మిదింటికి పిల్లలతో రోడ్డున నిలబడ్డాము. రసీదు లేనిదే పైసా పంపవద్దు.

గదిలోకి చేరిన తరువాత

మొదటి నియమం కోతుల గురించి. కిటికీ రెక్క చేరవేస్తే చాలదు, గడియ వేయవలెను. మా బావగారు ఈ మాటను తేలికగా తీసుకొని స్నానానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి చెక్కిలాల డబ్బా కప్పుమీద, ఆయన కళ్ళద్దాలు చెట్టుమీద ఉన్నవి. చేతిసంచిలో తినుబండారాలు పెట్టుకొని తిరగరాదు. కోతికి బిస్కట్టు వేసిన ప్రతి యాత్రికుడూ తరువాత వచ్చే పిల్లవాడి చేయి గీరించుకోవడానికి కారకుడౌతున్నాడని గ్రహించాలి.

టార్చిలైటు, మందులు, ఒక మందపాటి దుప్పటి వెంట తెచ్చుకోండి. పైన ఆసుపత్రి లేదు, చిక్కబళ్ళాపురం దిగవలెను. భోజనశాలలో రాత్రి భోజనం తొందరగా ముగుస్తుంది. ఏమి కావాలో సాయంత్రమే చెప్పి ఉంచాలి. చీకటి పడ్డాక ఒంటరిగా అడవిదారిన నడవరాదు. ఈ కొండల్లో చిరుతల జాడ ఉన్నది. వరండాలో కూర్చుని కింద మినుకుమినుకుమనే ఊళ్ళ దీపాలను లెక్కపెట్టడంలోనే సుఖమున్నది. దక్షిణాన ఆకాశం ఎర్రగా వెలిగే చోటు బెంగళూరు.

నీటిని పొదుపుగా వాడండి. ఈ మాట ప్రతి అతిథిగృహంలోనూ గోడమీద వ్రాసి ఉంటుంది. ఇక్కడ దానికి వేరే అర్థం ఉన్నది. అది తరువాత చెబుతాను.

కొండమీద నడక

ఉదయం దినవిహారులు లోనికి వచ్చేలోపల, గదిలో ఉన్నవారికి కొండ పూర్తిగా సొంతం. ఆ వేళలో మొదట యోగనందీశ్వరుని ఆలయానికి వెళ్ళండి. కింద నంది గ్రామంలో ఉన్నవాడు భోగనందీశ్వరుడు, పైన ఉన్నవాడు యోగి. అక్కడ అలంకారమంతా శిల్పంలో ఉంటే, ఇక్కడ రాయి, గాలి, నిశ్శబ్దం మాత్రమే. ఆలయం పక్కనే కొండ అంచు. అక్కడినుంచి అమృత సరోవరం దాకా చెట్ల నడుమ దారి ఉన్నది. సరోవరం నాలుగువైపులా రాతిమెట్లు కట్టిన ఊటచెలమ.

‘టిప్పు డ్రాప్’ అనే నిటారు కొండచరియ వద్ద జనం ఎక్కువ. ఖైదీలను అక్కడినుంచి తోసేవారని గైడ్లు చెప్పే కథ పిల్లలకు ఎంతో ఇష్టం. కథకంటే కంచె ముఖ్యం. ఫొటోకోసం కంచె దాటవద్దు. రాయి మంచుకు తడిసి జారుతుంది.

పక్షులను చూసే అలవాటున్నవారికి శీతకాలం ఈ కొండ ఒక పండుగ. హిమాలయాల వైపునుంచి వలస వచ్చే చిన్న పిట్టలు కొన్ని ఈ తడి చెట్లకింద ఆకుల్లో తిరుగుతాయి. పడమటి కనుమలలో ఉండే నీలగిరి అడవి పావురం ఇంత తూర్పున కనిపించడం ఒక విశేషం. రాళ్ళ గుట్టలలో తప్ప కనిపించని పసుపు గొంతు పిగిలిపిట్టనూ ఇక్కడ చూడవచ్చును. ఎర్రచొక్కా, స్పీకరు రెండూ గదిలో వదిలి వెళ్ళవలెను.

కాళ్ళలో బలం ఉన్నవారు దిగేటప్పుడు రోడ్డు మానివేసి, సుల్తాన్‌పేట వైపు దిగే పాత మెట్లదారిని ఎన్నుకోవచ్చును. వెయ్యికి పైగా మెట్లు. బురుజులు, కోటగోడలు ఈ దారినే దగ్గరగా కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఎక్కడంకంటే దిగడమే కష్టమని గుర్తుంచుకోవాలి.

ఈ కొండ నీళ్ళు ఎక్కడికి పోతాయి

అతిథులలో చాలామంది అడగని ప్రశ్న ఇది. నాకు మాత్రం ఈ కొండపై అన్నిటికంటే ముఖ్యమైనది.

నందికొండ, దాని చుట్టూ ఉన్న గుట్టలు ఒక నీటి కూడలి. ఇక్కడ పడే చినుకు ఏ వాలున పడిందన్న దాన్నిబట్టి దాని ప్రయాణం మారుతుంది. చెన్నకేశవ కొండనుంచి బయలుదేరే ఉత్తర పినాకిని మన పెన్న: అనంతపురం, కడప, నెల్లూరు సీమలను దాటి 597 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని తమిళనాడులో పెన్నైయారుగా మారి కడలూరు వద్ద సముద్రం చేరుతుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి మీదుగానూ, పాపాఘ్ని మదనపల్లె, కడప సీమలగుండానూ వెళ్ళి పెన్నలో పడుతాయి. పాలారు కోలారు, చిత్తూరు, వేలూరుల దారి పట్టింది. అర్కావతి ఒక్కటీ దక్షిణానికి దిగి కావేరిలో కలుస్తుంది. ఒక కొండల గుంపు మూడు రాష్ట్రాలకు పుట్టిల్లు అయింది.

మరి ఆ నదులు ఎలా ఉన్నాయి? ప్రతి ఏటా ఎనిమిదో తరగతి పిల్లలను కొండమీదికి తీసుకువచ్చి, పటం పరచి, వేలితో ఈ నదులను గీయిస్తాను. ఒక సంవత్సరం బాగేపల్లి వైపు పిల్లవాడు చిత్రావతిమీద వేలు పెట్టి, “అయ్యోరూ, మా ఊరికాడ ఇది ఏరు కాదు, ఇసక” అన్నాడు. వాడి వయసులో మేము ఆ ఏట్లో ఈత నేర్చుకొన్నామని చెబితే నవ్వాడు. తరువాతి రెండు ఏళ్ళు మంచి వానలు పడి ఏరు పారినప్పుడు వాడే బడికి వచ్చి మొదట నాతో చెప్పాడు. ఎప్పుడో ఒకసారి పారడమే ఇప్పుడు వార్త అయింది.

కారణాలు ఒకటి కాదు. చెరువులు పూడిపోయాయి, వాగుల దారులు మూసుకొన్నాయి. గుట్టలు రాతి క్వారీలకు కరిగాయి. నీలగిరి తోటలు పొలాలను ఆక్రమించాయి. వాటి పెంపకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2017లో నిషేధించవలసి వచ్చింది. బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి. అంత లోతునుంచి వచ్చే నీటిలో ఫ్లోరైడు. మా జిల్లాలో తెలుగువారూ కన్నడిగులూ పంచుకొన్న కష్టాలలో ఇది మొదటిది.

ఇందులో ఒక విచిత్రం ఉన్నది. అర్కావతికి అడ్డంగా 1894లో హెసరఘట్ట చెరువును, తరువాత 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయాన్ని కట్టి బెంగళూరు తన దాహం తీర్చుకొన్నది. అంటే ఈ కొండ నీళ్ళే నగరాన్ని పెంచాయి. ఇప్పుడు అదే నగరపు మురుగునీటిని శుద్ధిచేసి, హెబ్బాళ-నాగవార లోయ పథకం ద్వారా మా చెరువులకు ఎత్తిపోస్తున్నారు. చెరువు నిండితే భూగర్భజలం పైకి వస్తుందని రైతులు సంతోషించారు. ఆ శుద్ధి చాలదని, ఇంకొక దశ కావాలని ఉద్యమించినవారూ ఉన్నారు. నా మట్టుకు చెరువు ఎండి ఉండటంకంటే నిండి ఉండటం మేలే. కాని పుట్టింటికి పంపే సారె ఇంతకంటే శుభ్రంగా ఉండాలని అడగడంలో తప్పులేదు.

కనుక గది కుళాయిని కట్టివేయమని గోడమీద వ్రాసినప్పుడు, అది బిల్లు తగ్గించుకొనే హెచ్చరిక కాదు. అతిథి పడేసిన ప్లాస్టిక్ సీసా వానకు దొర్లి ఏ వాలున పడితే ఆ నదికి మొదటి చెత్త అవుతుంది. ఖాళీ సీసాలు, కవర్లు మీతోనే కిందికి తీసుకువెళ్ళండి.

కొండ చుట్టూ ఒక రోజు

రెండవ రోజు ఉదయం దిగి మొదట నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం చూడాలి. తొమ్మిదవ శతాబ్ది ఆరంభంనాటి తామ్రశాసనం బాణరాణి రత్నావళి కట్టించినట్లు చెబుతున్నది. తరువాత నొళంబులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు చేర్చుతూ పోయారు. అరుణాచలేశ్వరునికి, భోగనందీశ్వరునికి మధ్య ఉమామహేశ్వరుని చిన్న గుడి ఉన్నది. ఆ కల్యాణమండపపు నల్లరాతి స్తంభాల దగ్గర కనీసం అరగంట నిలబడండి. వెనుకనున్న కోనేటి మెట్లమీద ఎండపొద్దున కూడా చల్లగా ఉంటుంది. చాలామంది కొండ చూసి ఈ గుడిని చూడకుండానే పోతారు. నన్ను అడిగితే, సమయం ఒక్కదానికే ఉంటే కొండను వదిలి గుడినే చూడమంటాను.

అక్కడినుంచి ముద్దేనహళ్ళి దగ్గర. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1861లో పుట్టిన ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు కూడా ఇదే. ఇంటిపేరులోని మోక్షగుండం గిద్దలూరు ప్రాంతపు గ్రామం. పూర్వులు అక్కడినుంచి వలస వచ్చినవారు. 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచిన తరువాత నగరరక్షణకు పథకం వేసినదీ ఆయనే. నీళ్ళను గురించి అంతగా ఆలోచించిన ఇంజనీరు నీళ్ళు కరువైన ఈ సీమలో పుట్టడం ఆశ్చర్యమేమీ కాదు.

కొండ ఎక్కే ఉత్సాహం ఇంకా మిగిలిన యువకులకు స్కందగిరి ఉన్నది. పాపాఘ్ని మఠం దగ్గర మొదలయ్యే ఈ దారికి అటవీశాఖ అనుమతిని ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా చీకట్లో ఎక్కి దారితప్పినవారిని వెతకడానికి ఊరివారు లాంతర్లతో వెళ్ళిన రాత్రులున్నాయి. 2023 జనవరిలో ఆవిష్కరించిన 112 అడుగుల ఆదియోగి విగ్రహం ఆవలగుర్కి దగ్గర ఉన్నది. అక్కడ వారాంతపు రద్దీ ఎక్కువ.

మరొక రోజు ఉంటే గుడిబండ కోట, లేదా గౌరిబిదనూరు దగ్గరి విదురాశ్వత్థం. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహానికి గుమికూడినవారిపై పోలీసులు అక్కడ కాల్పులు జరిపారు. హిందూపురం వైపునుంచి వచ్చేవారికి అది దారిలోనే తగులుతుంది. చింతామణి తాలూకాలోని కైవారానికి వెళ్ళదలచినవారు మధ్యాహ్నం అన్నదాన సమయానికి చేరుకోండి. గాజుల మలారం మోసుకొని ఊరూరా తిరిగి, తరువాత యోగియైన కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పద్యాలు, కీర్తనలు చెప్పారు. ఆ మఠంలో పూట గడిపితే రెండు భాషలూ ఒకే గొంతులో ఎలా ఇముడుతాయో వినవచ్చును. మా ఇళ్ళలో తెలుగు, బడిలో కన్నడం ఎలా ఉన్నాయో అలాగే.

తినడానికి, కొనడానికి

కొండ దిగువన రోడ్డుపక్క ద్రాక్ష అమ్ముతారు. ‘బెంగళూరు నీలం’ రకం ద్రాక్షకు ఈ ప్రాంతం పేరుపొందింది. రుచి చూసి కొనండి, అంగడివారు కాదనరు. దేవనహళ్ళి చకోత పండు దొరికితే వదలవద్దు. డిసెంబరు, జనవరిలో వచ్చేవారు ఏ ఇంట్లోనైనా, చిన్న హోటల్లోనైనా పితికిపప్పు పులుసుతో రాగిముద్ద అడిగి తినవలెను. అనపకాయల కాలం అది. నానబెట్టి, పొట్టు పితికి తీసే ఆ పనికి ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. అతిథి కూడా కూర్చుంటే ఎవరూ వద్దనరు.

శివరాత్రికి నంది గ్రామంలో తేరు లాగుతారు, పశువుల సంత కూడా జరుగుతుంది. ఆ వారంలో కొండమీద గది దొరకడం దుర్లభం. తిరునాళ్ళు చూడాలనుకొనేవారు చిక్కబళ్ళాపురంలో బస చేసి, తెల్లవారి మొదటి బస్సుకు నంది చేరుకోవడం సులువు.